గరగరా, కిర్రుకిర్రా?

వాషింగ్ మెషిన్ల సర్వీస్ సెంటర్లో ఆవిడ అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. మెకానిక్కులందరికీ ఆవిడ కూతక్క. ఆ పేరు పెట్టింది ఎవరంటే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు గానీ, ఎందుకు పెట్టారంటే మాత్రం అందరిదీ ఒకటే మాట. మెషిన్ ఎలా కూస్తోందో ఆవిడ అచ్చం అలాగే నోటితో కూసి వినిపిస్తుంది కనక.

ఇదెలా మొదలైందో చెప్పాలి. మెషిన్ పాడైన మనిషి ఫోన్ చేసి "ఏదో శబ్దం వస్తోందండీ" అంటాడు. ఆ 'ఏదో' పట్టుకుని మెకానిక్కు ఏం చేసుకుంటాడు? బండేసుకుని ఊరి ఆ చివరికి వెళ్ళి చూస్తే కావలసిన సామాను సంచిలో ఉండదు. మళ్ళీ వెనక్కి. అందుకని కూతక్క ఫోన్లోనే ఆరా తీయడం మొదలుపెట్టింది. "ఎలాంటి శబ్దమండీ, కాస్త చేసి వినిపిస్తారా" అంటే అవతలివాళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటారు, పిల్లలు పకపకా నవ్వుతారు, పరువు గల మనిషి ఫోన్ చెవిన పెట్టుకుని బుర్రుబుర్రుమంటాడా? సరేనని ఈవిడే ముందు కూసేది. "గరగరా, కిర్రుకిర్రా?" వాళ్ళు హమ్మయ్య అనుకుని రెంటిలో ఒకటి ఎంచుకునేవారు. ఆ ఎంచుకున్నదాన్ని ఈవిడ మెకానిక్కుకి మళ్ళీ కూసి వినిపించేది. గరగర అయితే బేరింగు. కిర్రుకిర్రు అయితే బెల్టు. గలగలా టక్కుమంటే నీళ్ళు బయటికి తోసే పంపులో చొక్కా గుండీయో పిన్నీసో పడిందన్నమాట. పోనుపోను మెకానిక్కులకి రాసిన కంప్లైంట్ చదివే అలవాటే పోయింది. "అక్కా, ఒకసారి కుయ్యవా" అనడం, విని సంచి సర్దుకోవడం, అంతే.

నిజానికి ఈ పని ఆవిడ ఎంచుకున్నది కాదు. లెక్కలు రాసే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చి బయట బల్ల మీద కూర్చుంటే, పక్కనున్న ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మోగుతున్న ఫోన్ని అలా వదిలేయడం ఆవిడ వల్ల కాదు. ఎత్తింది, మాట్లాడింది, ఆ కుర్చీలోనే ఉండిపోయింది. మనలో చాలామంది ఉద్యోగాలు ఇలాగే దొరుకుతాయి, తర్వాత మాత్రం చిన్నప్పటినుంచీ అదే ఆశయమన్నట్టు చెప్పుకుంటాం. కూతక్క అలా చెప్పుకునే రకం కాదు. "మోగింది, ఎత్తాను" అనేది.

ఆ గురువారం మేనేజర్ ఆవిడని లోపలికి పిలిచాడు.

"ఫోన్ల సెక్షన్‌కి ఇన్‌ఛార్జిని వెయ్యమన్నారమ్మా పైనుంచి. నేను మీ పేరే అనుకుంటున్నాను. అద్దాల గది, మీ కింద ముగ్గురు. సోమవారం నేను పైకి చెప్పాలి, ఆలోగా అటో ఇటో తేల్చండి."

"ఆలోచించడానికేముంది సార్" అనబోయి, ఎందుకో ఆగి "సరే సార్" అని మాత్రం అంది.

"ఇంకో మాట. ఆ ముగ్గురికీ మీ కూతలన్నీ రావాలి కదా. ఒకసారి రికార్డు చేసి పెట్టుకుందాం."

అక్కడే వచ్చింది అసలు తంటా. మేనేజర్ ఫోన్ బల్ల మీద పెట్టి, తలుపు మూసి, ఫ్యాన్ కూడా ఆపాడు. కూతక్క గొంతు సవరించుకుని తనకు తెలిసిన శబ్దాలన్నీ వరసగా కూసింది. తర్వాత అది వెనక్కి పెట్టి విన్నారు. మేనేజర్ తల ఊపుతూ మెచ్చుకుంటున్నాడు. కూతక్కకి మాత్రం ఏదోలా అయింది. అందులో మెషిన్ ఎక్కడా వినపడలేదు. ఒక నడివయసు ఆడమనిషి నోటితో చప్పుళ్ళు చేస్తోంది, అంతే. మరి అసలు గరగర ఎలా ఉంటుంది? ఎందుకు గర? లోపల ఏది దేన్ని తాకితే అలా మోగుతుంది? ఇన్నేళ్ళూ బేరింగు బేరింగు అంటోంది గానీ, బేరింగు అరచేతిలో ఇముడుతుందో ఇంటి గడప అంత ఉంటుందో కూడా తనకు తెలియదు. ఈ సంగతి తట్టగానే ఆవిడకి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే, చూడాలన్న దురద పట్టుకుంది. ఆ దురద సిగ్గుకన్నా పెద్దది.

ఇంటికి వెళ్ళగానే భర్తకి చెప్పింది. ఆయనది మందుల షాపు. జ్వరం మాత్ర అడిగినవాడికి జ్వరం మాత్రే ఇచ్చే మనిషి, అనవసరంగా ఏదీ మార్చడు. ఇన్‌ఛార్జి అనే మాట చెవిన పడిందో లేదో గాల్లో తేలిపోయాడు. మిగతా మాట వినకుండానే ఫోన్ అందుకుని వాళ్ళ అక్కకి చెప్పాడు, షాపుకి వచ్చినవాళ్ళకి చెప్పాడు, మర్నాటి పొద్దుటికల్లా వీధంతా టాంటాం వేశాడు.

ఆ గురువారం రాత్రే కూతక్క ఇంట్లో మెషిన్‌లో బట్టలేసి దాని ముందు పీట వేసుకు కూర్చుంది.

"అదేమైనా సినిమానా, అలా చూస్తున్నావ్" అన్నాడు భర్త.

"ఏమండీ, దీన్ని తిప్పేది ఏమిటంటారు?"

"కరెంటు."

"కరెంటు సరే. కరెంటు వచ్చి డ్రమ్ముని చేత్తో తిప్పుతుందా?"

భర్త తన వల్ల కాదని పేపరు తీసుకున్నాడు. వాళ్ళ మెషిన్ బంగారం లాంటిది, కిక్కురుమనదు. లక్ష శబ్దాలు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్క శబ్దమూ చేయని మెషిన్. కూతక్క చెవి ఆనించి వింది. నీళ్ళ గలగల తప్ప ఏమీ లేదు.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగింది. కారు డ్రైవింగ్ నేర్పి నేర్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన మెషిన్ గురించి ఇది మూడోసారి. గలగలా టక్ అని కూతక్క కూయడం, మెకానిక్కు వెళ్ళి పంపు శుభ్రం చేసి రావడం, వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. ఈసారి ఆయన కోప్పడలేదు గానీ, కోప్పడి ఉన్నా బాగుండేది.

"మీరు మంచివాళ్ళేనమ్మా. మీ దయవల్ల పంపు కూడా ఇప్పుడు తళతళలాడుతోంది. శబ్దం మాత్రం ఎక్కడికీ పోలేదు" అన్నాడు.

ఈ కేసు బాబాయ్ చేతికి వెళ్ళింది. బాబాయ్ అంటే వర్క్‌షాప్‌లో అందరికన్నా పెద్ద మెకానిక్కు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరు ఏ మెషిన్ దగ్గర చేతులెత్తేసినా చివరికి ఆయన దగ్గరికే వస్తుంది. ఆయన సంచి సర్దుకుంటూ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మూడోసారటగా. కుయ్యి చూద్దాం."

కూతక్క నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది.

"బాబాయ్, రేపు నాకు సెలవు. నేనూ వస్తాను మీతో."

"నువ్వెందుకు?"

"చూద్దామని."

బాబాయ్‌కి ఈ జవాబు నచ్చిందో లేదో తెలియదు. "చెప్పులు కాదు, బూట్లేసుకుని రా" అని మాత్రం అన్నాడు.

శనివారం ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. పెద్దమనిషి మెషిన్ పెరటి గదిలో ఉంది. ఆయనే బట్టలేసి స్విచ్ నొక్కాడు. డ్రమ్ము ఒకవైపు నాలుగు చుట్లు తిరిగింది, ఆగింది, రెండోవైపు తిరగబోయింది. అప్పుడు వచ్చింది ఆ శబ్దం. డ్రమ్ము దిశ మార్చిన ప్రతిసారీ ఒక్కసారి, మెత్తగా, లోపలెక్కడో, నిద్రలో ఎవరో గోడకి మోకాలు తగిలించుకున్నట్టు. పెద్దమనిషి ప్రతిసారీ కుడికాలు నేలకి నొక్కుతున్నాడు. బ్రేకు వేసే అలవాటు పోలేదు పాపం.

కూతక్క చెవి అటే పెట్టి వింది. ఇది గలగల కాదు. టక్ కూడా కాదు. తను ఇన్నేళ్ళలో కూసినవాటిలో ఏ ఒక్కటీ కాదు.

"మీరు నాతో గలగలా టక్ అన్నారు కదండీ" అంది నెమ్మదిగా.

"నేననలేదమ్మా, మీరన్నారు" అన్నాడాయన. "గరగరా, గలగలా టక్కా అని అడిగారు. రెండూ కాదు గానీ, గరగర మరీ కాదు. పాపం అంత కష్టపడి కూస్తున్నారు కదా, ఏదో ఒకటి ఒప్పుకుందామని రెండోది అన్నాను."

ఆ మాట ఆయన మర్యాదగానే అన్నాడు. కూతక్కకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఒక్క ఈయనేనా? సిగ్గుపడి, మొహమాటపడి, తొందరపడి, ఇన్నేళ్ళలో ఎంతమంది తను చూపించిన రెంటిలో ఒకటి ఎంచుకుని ఊరుకున్నారో. మెషిన్ ఏదో చెబుతుంటే తను దాన్ని తనకు వచ్చిన కూతల్లోకి కుదించి పంపింది. మెకానిక్కులు ఆ కూతని బాగుచేసి వచ్చారు. చాలాసార్లు కుదిరింది కనక కుదరనివి ఎవరి కంటా పడలేదు.

ఈలోగా బాబాయ్ మెషిన్ ఆపి, తలుపు తీసి, డ్రమ్ము అంచుని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందకీ ఊపాడు. కూతక్కని పిలిచి "పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. డ్రమ్ము ఊడబోయే పన్నులా కొద్దిగా కదిలింది.

"వెనకాల దీన్ని మోసే మూడు కాళ్ళ పట్టీ ఉంటుంది. ఒక కాలు చిట్లింది" అన్నాడు బాబాయ్. "తిరిగినంతసేపూ ఏం కాదు. ఆగి వెనక్కి తిరగబోయేటప్పుడు చిట్లిన చోట బరువు పడి కొట్టుకుంటుంది."

"ఎందుకు చిట్లింది?"

"అల్యూమినియం కదా, సబ్బు నీళ్ళు తినేస్తాయి."

"సబ్బు లోహాన్నీ తింటుందా? మరి మిగతా రెండు కాళ్ళనీ ఎందుకు తినలేదు? ముందు ఏది చిట్లుతుందో తెలిసే వీలుందా?"

బాబాయ్ ఆవిడ వైపు కొత్తగా చూశాడు. పెద్దమనిషి కూడా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మెషిన్ వెనక రేకు ఊడింది, పట్టీ బయటికి వచ్చింది, చిట్లిన చోట తెల్లటి పొడి రాలింది. కూతక్క ఆ పొడిని వేలితో ముట్టుకుని చూసింది. గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సాయంత్రం ఇంటికి బయలుదేరుతుంటే తను పొద్దున్నించీ ఏమీ తినలేదన్న సంగతి గుర్తొచ్చింది, ఎంత సంతోషంగా ఉందో అప్పుడు తెలిసింది.

ఆదివారం భర్తతో మాట్లాడింది.

"నేను ఇన్‌ఛార్జిగా చెయ్యనండీ. వర్క్‌షాప్‌లోకి వెళతాను. మెకానిక్కు పని నేర్చుకుంటాను."

భర్త ముక్కున వేలేసుకున్నాడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే."

"జీతం?"

"తగ్గుతుంది."

"ఇదెక్కడి చోద్యమే. మనిషన్నాక ఉన్నదాంట్లోంచి ఇంకాస్త మంచిదాంట్లోకి వెళ్ళాలనుకుంటాడు. నువ్వు గదిలోంచి గ్రీజులోకి వెళతానంటావేమిటి? నలుగురికీ చెప్పేశాను కూడా."

"చెప్పమని నేనన్నానా?"

ఆయన అలిగాడు. అలగడం ఆయన హక్కు, కాదనలేం. కూతక్కకి మాత్రం లోలోపల భయంగానే ఉంది. ఫోన్ కుర్చీలో తనని మించినవాళ్ళు లేరు. వర్క్‌షాప్‌లో తనని మించనివాళ్ళు ఉండరు. ఉన్న కాస్త పేరూ చేజేతులా పారేసుకుని, ఈ వయసులో చేతకానిదాన్ని అనిపించుకుంటే? ఆ కుర్చీ మళ్ళీ తన కోసం ఖాళీగా ఉంటుందా?

సోమవారం మేనేజర్ కూడా ఇంచుమించు అదే అన్నాడు. "కుర్చీ ఆగదమ్మా. ఇంకొకరిని వేస్తాను. తర్వాత నచ్చలేదని వస్తే నా చేతిలో ఏమీ ఉండదు. అసలు ఎందుకు?"

కూతక్క శనివారం జరిగింది చెప్పింది. తన కూతల వల్ల తప్పిపోయిన మెషిన్లు ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదని కూడా దాచకుండా చెప్పింది. మేనేజర్ ఆ రికార్డు సంగతి గుర్తొచ్చి ఇబ్బందిగా కదిలాడు.

"దానికి ప్రాయశ్చిత్తంగా వెళ్ళక్కర్లేదు. పద్ధతి మార్చుకుంటే సరిపోతుంది."

"ప్రాయశ్చిత్తం కాదు సార్. పద్ధతి మార్చండి, ఫోన్ చేసినవాళ్ళని దాన్ని మెషిన్ దగ్గర పెట్టమనండి, ఎవరూ కూయక్కర్లేదు. నేను వెళ్ళేది నాకు చూడాలని ఉండి. ఇన్నేళ్ళూ మెషిన్ గుమ్మం దగ్గరే నిలబడ్డాను."

మేనేజర్ నుదురు రుద్దుకున్నాడు. ఆరు నెలలు చూద్దామన్నాడు. బాబాయ్ ఒప్పుకుంటేనే అన్నాడు. బాబాయ్ ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. వర్క్‌షాప్‌లో కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఆయన చెప్పేదాకా టార్చి పట్టుకోవడమే, పనిముట్టు ముట్టుకోవడానికి లేదు.

అలా కూతక్క టార్చి పట్టుకుంది. మొదట్లో అందరూ సరదాగా చూశారు, తర్వాత మర్చిపోయారు. బెల్టు తెమ్మంటే వేరే సైజు బెల్టు తెచ్చింది. రేకు అంచు కోసుకుని బొటనవేలికి కట్టు కట్టించుకుంది. అద్దాల గదిలో కొత్త ఇన్‌ఛార్జి కూర్చుని ఉండడం వర్క్‌షాప్ కిటికీలోంచి కనిపించేది. ఆ గది వైపు చూడకూడదనుకునేది, చూసేది. ఇంట్లో ఆడపడుచు ఫోన్ చేసి "ఏమిటి వదినా, డిమోషనా" అని అడిగింది. భర్త అలక తీరింది గానీ, "ఇవాళ ఏం నేర్చుకున్నావ్" అని అడిగినప్పుడు ఈవిడ దగ్గర చెప్పడానికి ఏమీ లేని రోజులు చాలా ఉండేవి. టార్చి బాగా పట్టుకున్నానని ఎలా చెబుతుంది? పొరపాటు చేశానేమో అన్న అనుమానం రోజూ ఏదో ఒక వేళ వచ్చి పలకరించిపోయేది.

ఒక మధ్యాహ్నం వర్క్‌షాప్‌కి ఒక మెషిన్ వచ్చింది. డ్రమ్ము వేగం అందుకోగానే సన్నగా ఈల వేస్తుంది. ఎక్కడినుంచో చూద్దామని వెనక రేకు ఊడదీస్తే ఈల ఆగిపోతుంది. రేకు బిగిస్తే మళ్ళీ మొదలు. ఇద్దరు మెకానిక్కులు పొద్దున్నించీ విప్పడం, బిగించడం, తిట్టుకోవడం. చివరికి బాబాయ్ దగ్గరికి వచ్చింది. ఆయన విప్పాడు, ఈల లేదు. బిగించాడు, ఉంది.

"రేకే మోగుతోందేమో" అన్నాడు ఒక మెకానిక్కు.

"రేకు మార్చాంగా. కొత్త రేకూ ఇలాగే చేస్తోంది" అన్నాడు ఇంకొకడు.

వాళ్ళు టీకి వెళ్ళిపోయారు. బాబాయ్ ఒక స్టూలు లాక్కుని మెషిన్ వెనక కూర్చున్నాడు. కూతక్క టార్చి ఆర్పకుండా పక్కనే నిలబడింది.

"ఎందుకలా చేస్తోంది బాబాయ్?"

"తెలీదమ్మాయ్."

కూతక్క సరిగ్గా విన్నానా అనుకుంది. ఆయన నోటినుంచి ఆ మాట ఎప్పుడూ వినలేదు. తెలియని సంగతులన్నీ తన ఒక్కదాని తలలోనే ఉన్నాయని, మిగతావాళ్ళకి అన్నీ తెలిసిపోయాయని ఇన్నాళ్ళూ అనుకుంది. ఈయనకీ తెలియనిది ఉంది. ఈ మెషిన్‌లో, ఇప్పుడు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. టార్చి ఇంకాస్త ముందుకి పెట్టింది.

"రేకు మొత్తం తీస్తే ఆగిపోతుంది కదా. మొత్తం తియ్యకుండా, తిరుగుతుండగానే ఒక్కొక్క స్క్రూ వదులు చేసి వింటే?"

బాబాయ్ రేకు చుట్టూ ఉన్న స్క్రూల వైపు చూశాడు. మెషిన్ని మళ్ళీ నడిపించాడు. ఈల మొదలయ్యాక జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, పిడి ఆవిడ వైపు పెట్టి చాపాడు. టార్చి తన చేతిలోకి తీసుకున్నాడు.

"వైర్ల జోలికి పోకు. నిదానంగా."

కూతక్క చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని పిడి పట్టుకుంది. అది అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. రేకుకి చెవి ఆనించి మొదటి స్క్రూ వదులు చేసింది. ఈల అలాగే ఉంది. రెండోది. అలాగే ఉంది. ఎడమ పక్క కిందిది వదులు చేస్తుంటే ఈల ఆగలేదు గానీ మారింది. సన్నగా ఉన్నది వెడల్పయింది, చెవి కింద రేకు జుమ్మంది, ఆ జుమ్మనడం ఒక చోటినుంచి మొదలై పక్కకి పాకింది. ఇలాంటిది ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"మారిందా?" బాబాయ్ టార్చి పట్టుకునే ముందుకి వంగాడు. "ఎలా ఉంది? కుయ్యి చూద్దాం."

ఏళ్ళ అలవాటు. పెదవులు వాటంతటవే గుండ్రంగా చుట్టుకున్నాయి. గాలి కూడా లోపలికి పీల్చుకుంది. ఆ గాలిని అలాగే నెమ్మదిగా వదిలేసి, ఆవిడ పక్కకి జరిగి రేకు దగ్గర ఆయనకి చోటిచ్చింది.

"ఇక్కడ చెవి పెట్టండి బాబాయ్. మీరే వినండి."

బాబాయ్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, స్టూలు దిగి ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు.